12 ఏళ్ల కాకర్ స్పానియల్‌కు మానని చెవి జబ్బు: చుక్కలు వేయబోతే అరుస్తోంది, నొప్పి ఎలా తగ్గించాలి?

జూలీ వాళ్లమ్మ, కాకినాడ

అందరికీ నమస్కారం. మా జూలీ కాకర్ స్పానియల్ జాతి ఆడకుక్క. వచ్చే నెలకు దానికి 12 ఏళ్లు నిండుతాయి. ఎనిమిదో ఏట మొదటిసారి చెవులు దురద పెట్టాయి. అప్పటి నుంచి వానాకాలం మొదలైతే చాలు, రెండు చెవుల్లోనూ గోధుమరంగు గులిమి చేరడం, పుల్లటి వాసన రావడం, అది తల విదిలిస్తూ కాలితో గోక్కోవడం మామూలైపోయింది. ప్రతిసారీ మా ఊళ్లోని ఒక క్లినిక్‌లో చూపించి, వారు రాసిన చుక్కల మందు పది రోజులు వేస్తే తగ్గేది. రెండు మూడు నెలలకు మళ్లీ తిరగబెట్టేది. ఈ నాలుగేళ్లలో ఎన్ని సీసాలు మారాయో నాకు లెక్క లేదు. చెవిలోని చీమును పరీక్షకు పంపడం గురించి అక్కడ ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు, అడగాలన్న సంగతి నాకూ తెలియలేదు.

ఈసారి తీరు వేరుగా ఉంది. ఎడమ చెవి రంధ్రం దాదాపు మూసుకుపోయింది. డొప్ప కింద వేలితో తడిమితే ఎండిన వేరు ముక్కలాగా గట్టిగా తగులుతోంది. లోపలి నుంచి ఆకుపచ్చ ఛాయ గల చీము కారుతోంది. మూడు వారాలుగా రొట్టె ముక్క ఇచ్చినా కుడివైపునే నములుతోంది. ఆవలించబోయి, నోరు సగం తెరిచి, సన్నగా మూలిగి మూసేస్తోంది. రాత్రిళ్లు తన పరుపు వదిలి వంటింటి గుమ్మం దగ్గర చల్లటి నాపరాయికి ఆ చెవి ఆనించి పడుకుంటోంది. అలమారాలో చుక్కల సీసా కదిలిన చప్పుడు వినిపిస్తే మంచం కిందకు దూరిపోతుంది. మొన్న నేను బలవంతంగా పట్టుకొని మందు వేయబోతే నా చేతిని నోట పట్టుకుంది. పళ్లు దించలేదు, పట్టుకొని వదిలేసింది. పుట్టి బుద్ధెరిగాక అది ఎవరి మీదా అలా నోరు చేసుకోలేదు, అందుకే ఎంత బాధ పడుతోందో ఆ రోజు నాకు అర్థమైంది.

మా మామగారు వెల్లుల్లి కాచిన నూనె గోరువెచ్చగా వేయమంటున్నారు. మందుల షాపులో మనుషులు వేసుకొనే నొప్పి మాత్రలో సగం ఇవ్వవచ్చు అన్నారు, కానీ నాకు ధైర్యం చాలక ఇవ్వలేదు. క్లినిక్‌లో ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదని, చుక్కలతోనే నెట్టుకురావాలని అన్నారు. చుక్కలు వేయనివ్వని కుక్కను చుక్కలతో ఎలా నెట్టుకురావాలో నాకు తోచడం లేదు. ముందు దాని నొప్పి తగ్గే దారి ఏమిటో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

చిన్న జంతువుల డాక్టరు, విజయనగరం

అమ్మా, ఆ సగం మాత్ర ఇవ్వకుండా మంచి పని చేశారు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మనుషుల నొప్పి మాత్రలు కుక్క కడుపులో పుండ్లు పడేలా చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు అంతరించిపోతున్నాయని 2006లో మన దేశంలో పశువైద్యానికి ఆ మందును నిషేధించిన సంగతి చాలామందికి తెలుసు. అది పక్షులకు సంబంధించిన విషయమే అనుకొని ఇంట్లో కుక్కకు అదే మాత్ర పెట్టి, నల్లటి విరేచనాలు మొదలయ్యాక పరుగెత్తుకొచ్చేవాళ్లను నేను ఏటా చూస్తూనే ఉన్నాను. వెల్లుల్లి నూనె కూడా వద్దు. చెవి లోపల చర్మం ఒరుసుకుపోయి ఉంటే అది మండుతుంది, నూనె లోపలే నిలిచిపోయి పరీక్షకు అడ్డమవుతుంది. పైగా విదిలించినప్పుడు బయటకు చిందినది అది నాకితే వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలకు చేటు చేస్తుంది. పెద్దవారి మాట తీసేయడానికి మీకు ఇబ్బందిగా ఉంటే ఈ కారణం చెప్పండి, వారే అర్థం చేసుకుంటారు.

మీరు రాసినదంతా చదివాక నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం ఆ సగం ఆవలింత. కుక్క చెవి నాళం డొప్ప దగ్గర నుంచి నిలువుగా కిందికి దిగి, అక్కడ మలుపు తిరిగి అడ్డంగా కర్ణభేరి వరకు వెళుతుంది. కర్ణభేరికి అవతల గుండ్రటి ఎముక గూడు ఒకటి ఉంటుంది, దవడ కీలు దానికి దగ్గరలోనే ఉంటుంది. నోరు తెరిస్తే నొప్పి, ఒకవైపే నమలడం అనే రెండూ కలిసి కనిపిస్తే జబ్బు కర్ణభేరి దాటి మధ్యచెవికి చేరిందేమోనని అనుమానించాలి. అక్కడికి చేరిన చీమును పైనుంచి వేసే చుక్కలు అందుకోలేవు. మీరు నాలుగేళ్లు శ్రద్ధగా మందు వేసినా ప్రతిసారీ తిరగబెట్టడానికి అది ఒక కారణం కావచ్చు.

గట్టిగా వేరు ముక్కలా తగులుతోందన్నారు. ఏళ్ల తరబడి వాపు ఉన్న చెవిలో చర్మం మందమై, గులిమి గ్రంథులు ఉబ్బి, చివరికి నాళం చుట్టూ ఉన్న మృదులాస్థిలో సున్నం చేరుతుంది. కాకర్ స్పానియల్‌లలో ఈ మార్పు మిగతా జాతులకంటే త్వరగా, తీవ్రంగా వస్తుంది. వాపు వల్ల మూసుకున్న నాళం మందుతో తెరుచుకుంటుంది, సున్నం పట్టిన నాళం తెరుచుకోదు. జూలీ చెవి ఏ దశలో ఉందో తేలకుండా ఇంకో సీసా కొనడంలో అర్థం లేదు.

నొప్పి విషయానికి వస్తే, చీము తగ్గితే నొప్పి అదే పోతుందనే ధోరణితో మాలో చాలామంది నొప్పికి విడిగా మందు రాయరు. ఇది పొరపాటని నేను గట్టిగా నమ్ముతాను. ఇలాంటి చెవిలో మొదట చేయవలసినది వాపు దించడం. అందుకు సాధారణంగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు కొద్ది రోజులు ఇచ్చి, మెల్లగా తగ్గిస్తూ వస్తాం. వాపు దిగితే నాళం కాస్త తెరుచుకుంటుంది, నొప్పి సగానికి సగం తగ్గుతుంది, అప్పుడే కడగడానికైనా చుక్కలు వేయడానికైనా వీలవుతుంది. దాహం, ఆకలి, మూత్రం ఎక్కువవుతాయి కనుక రాత్రి ఒకసారి బయటకు తీసుకెళ్లవలసి వస్తుంది. ఈ వయసు కుక్కకు చక్కెర వ్యాధి లేదని ముందే రక్తపరీక్షలో చూసుకోవాలి. కుక్కలకు తయారుచేసిన మెలాక్సికామ్, కార్ప్రోఫెన్ వంటి నొప్పి మందులు కూడా బాగా పనిచేస్తాయి, కానీ వాటిని ప్రెడ్నిసొలోన్‌తో కలిపి ఎన్నటికీ ఇవ్వకూడదు. రెండూ కలిస్తే కడుపులో పుండు పడి చిల్లు పడే ప్రమాదం ఉంది. ఒకదాని నుంచి మరొకదానికి మారాలంటే మధ్యలో కొన్ని రోజుల విరామం కావాలి. క్లినిక్ మారినప్పుడు పాత చీటీలన్నీ వెంట తీసుకెళ్లమనేది ఇందుకే, ఎందుకంటే మీ చేతిలోని చుక్కల సీసాలోనూ స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ.

వీటికి తోడుగా గాబాపెంటిన్ ఇవ్వవచ్చు. ఏళ్ల తరబడి నొప్పి పడిన నరాలు తాకితేనే ఉలిక్కిపడే స్థితికి వస్తాయి, ఆ రకం నొప్పికి అది ఉపయోగపడుతుంది. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉండి కాళ్లు తూలవచ్చు. అయితే మనుషుల కోసం చేసిన ద్రవరూపం కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కలకు విషం. కాబట్టి మాత్ర లేదా క్యాప్సూల్ రూపంలోనే, డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి. మోతాదులు నేను ఇక్కడ రాయడం లేదు. జూలీ మూత్రపిండాలు, కాలేయం ఎలా ఉన్నాయో చూడకుండా రాయడం తప్పు.

మీరు డాక్టరును అడిగి చేయించవలసిన పరీక్షలు చెబుతాను. చీమును గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూడడం నిమిషాల్లో అయ్యే పని, అందులో శిలీంధ్రమా, గుండ్రటి బాక్టీరియానా, కడ్డీల ఆకారంలో ఉన్నవా అన్నది తెలిసిపోతుంది. ఆకుపచ్చ చీము, ఇంత నొప్పి కలిసి ఉన్నాయంటే సూడోమోనాస్ అనే బాక్టీరియా కావచ్చు. అది చాలా మందులకు లొంగదు, అందుకని కల్చర్ (చీములోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేయించి ఏ మందుకు లొంగుతుందో తేల్చుకోవాలి. కొద్దిపాటి మత్తు ఇచ్చి చెవి కడిగి కర్ణభేరి చిల్లు పడిందో లేదో చూడాలి. చిల్లు ఉంటే జెంటామైసిన్ వంటి కొన్ని మందులు, కొన్ని కడిగే ద్రావణాలు లోపలి చెవిని దెబ్బతీసి వినికిడిని పోగొట్టగలవు. ఒక చెవి మరీ పాడైంది కాబట్టి లోపల గడ్డ లేదని కూడా చూసుకోవాలి. రెండు చెవులకూ ఏళ్లుగా వస్తోంది కాబట్టి అసలు మూలం ఎలర్జీయా, థైరాయిడ్ లోపమా అన్నది వెతకాలి. మూలం దొరకకపోతే కుడి చెవి కూడా ఇదే దారి పడుతుంది.

గన్నవరం, గరివిడి, తిరుపతి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. మీకు అనుకూలమైన చోటికి ముందుగా ఫోన్ చేసి, చెవి లోపల చూసే సౌకర్యం, మత్తు డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కొని వెళ్లండి. ఈలోగా తల ఒక పక్కకు ఒరిగిపోయినా, కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నా, గుండ్రంగా తిరుగుతూ పడిపోతున్నా ఆ రోజే చూపించాలి. జబ్బు లోపలి చెవికి చేరిందనడానికి అవి గుర్తులు.

బ్రూనో నాన్న, సికింద్రాబాద్

డాక్టరు గారు వైద్యం చెప్పారు. ఆపరేషన్ చేయించిన ఇంటివాడిగా నేను నా అనుభవం చెబుతాను. మా బ్రూనో లాబ్రడార్. 11 ఏళ్ల వయసులో దాని కుడి చెవి నాళాన్ని పూర్తిగా తీసేసి, ఎముక గూటిని తెరిచి శుభ్రం చేశారు. అంతకుముందు ఏడాదిన్నర పాటు ముసలిదాన్ని కోతకు గురిచేయడం పాపమని నేనే వాయిదా వేస్తూ వచ్చాను. ఆ ఏడాదిన్నర అది రోజూ నొప్పితోనే బతికిందని తరువాత తెలిసింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అది మందకొడిగా ఉండడం, నడకకు రాకపోవడం, పిల్లలు దగ్గరకొస్తే లేచి వెళ్లిపోవడం అన్నీ ముసలితనం ఖాతాలో వేసుకున్నాం. ఆపరేషన్ అయిన తొలి నాలుగైదు రోజులు కష్టంగానే గడిచాయి. ఆసుపత్రిలో రెండు రాత్రులు సూది ద్వారా నొప్పి మందు ఇచ్చారు, ఇంటికొచ్చాక మాత్రలు, మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటు. ముఖనరం ఆ నాళం కిందుగానే పోతుందని ముందే చెప్పారు. చెప్పినట్టే కుడి కన్ను మూతపడక, ఆ వైపు పెదవి వేలాడింది. కన్ను ఎండిపోకుండా రోజుకు నాలుగైదు సార్లు కంటి చుక్కలు వేశాం. దాదాపు ఐదు వారాలకు రెప్ప మళ్లీ పూర్తిగా కదిలింది. అందరికీ అలా తిరిగి వస్తుందని చెప్పలేమని కూడా డాక్టరు అన్నారు, అది దాచకుండా మీకు చెప్పాలి. ఆ చెవికి వినికిడి పోయింది. నిజానికి ముందే పోయి ఉంటుంది, ఎందుకంటే మాకు ఏ తేడా తెలియలేదు. డొప్ప అలాగే ఉంది, పైకి చూసేవాళ్లకు ఆపరేషన్ అయిందని తెలియదు.

కుట్లు విప్పిన వారానికి అది తన తాడు నోట పట్టుకొని తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది. దాదాపు రెండేళ్లుగా మానేసిన పని అది. తరువాత రెండేళ్ల మూడు నెలలు బతికింది, వేరే జబ్బుతో పోయింది. వయసు చూసి వద్దంటే ఒప్పుకోకండి. గుండె, మూత్రపిండాలు, రక్తం పరీక్షించి మత్తుకు తట్టుకోదని చెబితే అప్పుడు ఒప్పుకోండి.

గోదావరి గట్టు, రాజమహేంద్రవరం

నేను డాక్టరును కాను. 30 ఏళ్లుగా ఇంట్లో కుక్కలను పెంచుతున్నాను, అందులో ముగ్గురు చెవి రోగులే. ఆసుపత్రికి వెళ్లేలోపు, వెళ్లొచ్చాక ఇంట్లో పడే తిప్పలు కొన్ని తగ్గించే ఉపాయాలు చెబుతానమ్మా.

చుక్కలు ఎక్కడ వేస్తున్నారో ఆ చోటు మార్చండి. మంచం దగ్గర పట్టుకొని వేసిన ప్రతిసారీ అది దానికి భయపడే చోటు అయిపోయింది. దాని పరుపు, తినే చోటు, మీ ఒడి ఈ మూడింటినీ మందుకు దూరంగా ఉంచండి, నొప్పితో ఉన్న ప్రాణికి భయం లేని చోటు ఒకటైనా మిగలాలి. సీసాను ముందు మీ గుప్పిట్లో ఐదు నిమిషాలు పట్టుకొని గది వేడికి తేవాలి. చల్లటి చుక్క పడితే మామూలు చెవికే జిల్లుమంటుంది. సీసా ముక్కు చెవిలో గుచ్చవద్దు. డాక్టరు చెప్పినన్ని చుక్కలు చిన్న దూది ఉండ మీద వేసి, ఆ ఉండను రంధ్రం అంచున ఆనించి మెల్లగా పిండితే మందు దానంతట అదే దిగుతుంది. కొంత మందు దూదిలో నిలిచిపోతుంది కనుక ఇది నొప్పి తగ్గేవరకు మాత్రమే పనికొచ్చే పద్ధతి, డాక్టరుకు చెప్పే చేయండి. ఇంకొకరు ఎదురుగా కూర్చొని పళ్లెం మీద పలచగా రాసిన పెరుగు నాకిస్తూ ఉంటే సగం పోరు తగ్గుతుంది. అది కేక వేస్తే మాత్రం ఆ పూటకు ఆపేయండి. వాపు దిగని చెవిలో మొండిగా వేసి ప్రయోజనం లేదని డాక్టరు గారు పైన చెప్పనే చెప్పారు.

అన్నం మెత్తగా, గోరువెచ్చగా పెట్టండి, నమలవలసిన ఎముకలు, గట్టి బిస్కెట్లు కొన్నాళ్లు ఆపండి. గిన్నెను కాస్త ఎత్తు మీద పెడితే తల వంచనక్కరలేదు. మెడపట్టీ తీసి ఛాతీ పట్టీ వేయండి. స్నానం ప్రస్తుతానికి వద్దు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, వెనిగర్ ఆ చెవి దగ్గరకు రానివ్వకండి. చెవి పుల్లలు కూడా వద్దు, అవి గులిమిని మలుపు దగ్గరకు నెట్టి దిమ్మసా కొట్టినట్టు చేస్తాయి. ఇంకొకటి, కాకర్ డొప్పలు బరువు. తల విసురుగా విదిలిస్తే డొప్పలో రక్తనాళం తెగి దిండులాగా ఉబ్బుతుంది. అలా ఉబ్బితే పిసకకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

ఒక నోటు పుస్తకంలో రోజూ రెండు వాక్యాలు రాయండి. పూర్తిగా ఆవలించిందా, ఏ వైపు నమిలింది, రాత్రి ఎన్నిసార్లు లేచింది, తల నిమరనిచ్చిందా అన్నవి రాస్తే చాలు. ఆసుపత్రి బల్ల మీద భయానికి అది నొప్పిని దాచుకుంటుంది, అక్కడ డాక్టరుకు కనిపించనిది మీ పుస్తకంలో కనిపిస్తుంది.

జూలీ వాళ్లమ్మ, కాకినాడ

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. ఒక పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు గారు ఊహించినట్టే కల్చర్‌లో సూడోమోనాస్ వచ్చింది. మత్తు ఇచ్చి కడిగి చూస్తే ఎడమ కర్ణభేరికి చిల్లు ఉంది. ఎక్స్‌రేలో నాళం పొడవునా సున్నం తెల్లటి గీతలా కనిపించింది, గడ్డ మాత్రం లేదు. థైరాయిడ్ బాగానే ఉంది. మూత్రపిండాల పరీక్షలో అంకెలు కొంచెం ఎక్కువగా ఉన్నాయని మెలాక్సికామ్ వద్దని, ప్రెడ్నిసొలోన్, గాబాపెంటిన్ మొదలుపెట్టారు. మూడు రోజులు చెవిలో ఏమీ వేయవద్దన్నారు. ఆ మాట వినగానే నాకు కళ్లనీళ్లు తిరిగాయి, ఎందుకంటే దానికీ నాకూ మధ్య పోరు లేని రోజులు దొరికాయి.

నోటు పుస్తకం చూసి రాస్తున్నాను. రెండో రోజు మగతగా ఉండి, గడప దగ్గర వెనక కాళ్లు తూలాయి. జబ్బు లోపలి చెవికి పాకిందేమోనని హడలిపోయి వీడియో పంపితే, తల ఒరగలేదు, కనుగుడ్లు నిలకడగా ఉన్నాయి కాబట్టి మందు ప్రభావమేనని, రాత్రి మోతాదు తగ్గించమని చెప్పారు. నాలుగో రోజు ఉదయం వరండాలో ముందుకాళ్లు చాచి నోరంతా తెరిచి ఆవలించింది, నాలుక కొస వంకర తిరిగేంతగా. తొమ్మిదో రోజు నుంచి తన పరుపు మీదే పడుకుంటోంది. ట్రిస్-ఈడీటీఏ ద్రావణంతో కడిగి, కల్చర్ చూసి రాసిన చుక్కలను గోదావరి గట్టు గారు చెప్పిన పద్ధతిలో హాల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి వేస్తున్నాం. ఇష్టంగా రావడం లేదు గాని పారిపోవడం లేదు. కుడి చెవి నాళం ఇంకా మెత్తగానే ఉందని, దాన్ని కాపాడుకోవచ్చని చెప్పి, ఎలర్జీ కోసం ఎనిమిది వారాల ప్రత్యేక ఆహారం మొదలుపెట్టించారు.

ఎడమ చెవికి మాత్రం ఇది తాత్కాలికమేనని, మందు ఆపితే మళ్లీ వస్తుందని స్పష్టంగా చెప్పారు. గుండె స్కాన్ బాగుంది. మత్తుకు పనికొస్తుందన్నారు. బ్రూనో నాన్న గారు రాసినది మా మామగారికి చదివి వినిపించాను. ఆయన రెండు రోజులు ఏమీ అనలేదు, మూడో రోజు ఆపరేషన్‌కు తేదీ అడగమన్నారు. ఒకే ఒక సందేహం ఉంది. అప్పటిదాకా ఈ నొప్పి మందులు కొనసాగించవచ్చా?

చిన్న జంతువుల డాక్టరు, విజయనగరం

చాలా సంతోషం అమ్మా. కొనసాగించవచ్చు, కొనసాగించాలి కూడా. నొప్పి అదుపులో ఉన్న స్థితిలో ఆపరేషన్‌కు వెళ్లిన కుక్కకు తరువాతి రోజులు తేలికగా గడుస్తాయి. అయితే ప్రెడ్నిసొలోన్‌ను ఉన్నట్టుండి ఆపకూడదు. ఆపరేషన్ కోసమని ఆపాలన్నా మెల్లగా తగ్గిస్తూ రావాలి, ఆ లెక్క మీకు ఆపరేషన్ చేసే డాక్టరు చేతనే రాయించుకోండి. గాబాపెంటిన్ ఇస్తున్న సంగతి, చివరి మోతాదు ఏ గంటకు ఇచ్చారో మత్తు డాక్టరుకు విడిగా చెప్పండి. మూత్రపిండాల అంకెలు ఎక్కువగా ఉన్నాయి కనుక ఆ వారంలో మళ్లీ ఒకసారి రక్తపరీక్ష చేయించండి, ముందు రాత్రి ఆహారం ఆపమన్నా నీళ్లు ఎప్పటిదాకా పెట్టవచ్చో అడగండి. ఆపరేషన్ తరువాత వాడేందుకు కంటి చుక్కలు ముందే కొని ఇంట్లో పెట్టుకోండి. ఆ రాత్రి అవసరమైతే షాపులు మూసి ఉంటాయి.